కారు ఆగకూడదు

ఆ ఆదివారానికి అల్లుడు వేసిన ప్రణాళికలో లోపమేమీ లేదు. భార్యనీ, అత్తగారినీ, చంటిదాన్నీ కారెక్కించుకుని ఆరింటికి బయల్దేరి, తొమ్మిదికి సరిహద్దు దాటి, పదింటికి పొరుగు దేశపు మహానగరంలో మ్యూజియం, పన్నెండుకు కోట, రెండుకు సరస్సు, అయిదుకు తిరుగు ప్రయాణం. బస్సు డిపోలో టైము పట్టికలు వేసే ఆ అల్లుణ్ణి తోటి ఉద్యోగులు ‘సెకన్లముల్లు’ అని ఊరికే పిలవరు. కిందటిసారి సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళి, అత్తగారికి టైరు మార్చడం మాత్రం చూపించాడు. ఈసారైనా ఆవిడ ముందు తలెత్తుకోవాలి.

సరిహద్దు సజావుగానే దాటారు. చిక్కంతా నగరంలో మొదలైంది. పది నెలల చంటిది కారు కదిలినంతసేపే నిద్రపోతుంది. ఆగితే చాలు, టాపు లేచిపోయేలా ఏడుస్తుంది. అక్కడేమో అడుగుకో సిగ్నలు, సిగ్నలుకు వెయ్యి కార్లు.

మ్యూజియం ముందు ఆపాడు. ఏడుపు. కదిలించాడు. నిశ్శబ్దం.

“ఏమండీ, దానికి పళ్ళొస్తున్నాయి. ఒక్క గంట పడుకోనివ్వండి,” అంది భార్య.

“గంటా? మ్యూజియానికి వేసుకున్నదే గంటన్నర.”

“మ్యూజియం ఎక్కడికి పోతుంది అల్లుడుగారూ. నాలుగు చుట్లు తిప్పండి,” అన్నారు వెనక సీట్లోంచి అత్తగారు.

నాలుగు కాస్తా పదకొండయ్యాయి. ఏడో చుట్టుకు మ్యూజియం కాపలాదారు పలకరింపుగా చెయ్యి ఊపాడు. పదకొండో చుట్టుకు వీళ్ళ కారు నంబరు ఫోనులో ఎవరికో చదివి వినిపిస్తున్నాడు. సెకన్లముల్లు గభాలున పక్క వీధిలోకి తిప్పేశాడు.

అక్కడ కార్ల వరుసొకటి తాపీగా, ఎక్కడా ఆగకుండా పోతోంది. ఎర్ర లైటు పడినా పోలీసు అడ్డం నిలబడి మరీ దారి ఇస్తున్నాడు. సెకన్లముల్లు సందు చూసుకుని ఆ వరుస మధ్యలో దూరాడు.

“చూశారా అత్తయ్యగారూ, ట్రాఫిక్కంటే ఇలా ఉండాలి. ఎంత పద్ధతి!”

ఇరవై నిమిషాల తర్వాత ఆ పద్ధతి శ్మశానం గేట్లోకి తిరిగింది. ముందు కార్లు, వెనక కార్లు, రెండు పక్కలా గోడ. ఆపక తప్పలేదు. చంటిది అందుకుంది.

ఒక పెద్దమనిషి వచ్చి కారు తలుపు తీశాడు. ఏడుస్తున్న పసిదాన్ని చూసి ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు. తలా ఒక తెల్లపువ్వు చేతిలో పెట్టాడు.

“మేం వాళ్ళ తాలూకు కాదని చెప్పండి,” అని భార్య గొణిగింది.

అతనికి ఆ భాషలో వచ్చినవి మూడే ముక్కలు: ఎంత, చాలా బాగుంది, ధన్యవాదాలు. ఆలోచించి మూడోది వాడాడు. పెద్దమనిషి అతన్ని కావలించుకుని, నడిపించుకెళ్ళి ముందు వరుసలో నిలబెట్టాడు.

ఎవరు ఏడ్చినా అత్తగారు తట్టుకోలేరు. శవపేటిక దించుతుంటే రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టి, కాసేపటికి అందరికంటే బాగా ఏడ్చారు. జనం ఇటు తిరిగారు. పోయినాయన ఫొటోలో నున్నటి తల, బూరె బుగ్గలు. వాళ్ళు ఆ ఫొటోనీ, చంటిదాని నున్నటి తలనీ, అత్తగారినీ మార్చి మార్చి చూశారు. గుసగుసలు బయల్దేరాయి.

“అత్తయ్యగారూ, కాస్త తగ్గించండి. మిమ్మల్ని ఇంకోలా అనుకుంటున్నారు.”

“ఎలా అనుకుంటే ఏంటి? ఆ మొహం చూడండి, ఎంత మంచాయనో.”

ఈలోగా పోయినాయన భార్య లేచి తిన్నగా వీళ్ళ దగ్గరికే వచ్చింది. సెకన్లముల్లు గేటుకు ఎన్ని అడుగులో లెక్కవేస్తున్నాడు. ఆవిడ అత్తగారిని ఎగాదిగా చూసింది. చంటిదాన్ని చూసింది. చేతులు చాచింది. చంటిదాని తల్లి ఏమీ తోచక ఇచ్చేసింది.

ఆ భుజమ్మీద చంటిది రెండు వెక్కిళ్ళు వెక్కి, హాయిగా నిద్రపోయింది.

ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుంది. డెబ్భై మంది ఊపిరి బిగబట్టారు. ప్రార్థన గుసగుసలోకి దిగింది. మట్టి గుప్పెడు గుప్పెడుగా, చప్పుడు కాకుండా పడింది. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో భోజనాలు. పాప భుజం దిగలేదు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆవిడా, అత్తగారూ చేతులు పట్టుకుని మూడు గంటలు మాట్లాడుకున్నారు. సెకన్లముల్లు మాత్రం గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతూ కోట వేళా, సరస్సు వేళా దాటిపోవడం చూశాడు.

మర్నాడు పక్కింటావిడ, నగరంలో ఏమేం చూశారని అడిగింది.

“చూడ్డానికెక్కడ కుదిరింది?” అన్నారు అత్తగారు. “మనవాళ్ళింట్లో పెద్దాయన పోతే, పలకరించి రావడంతోనే పొద్దు సరిపోయింది.”