లిఫ్టు పక్క జాగ

ఇట్లా దగ్గరికి జరగండి. ఆ టీవీ సౌండు తగ్గించండి. చాయ్ చల్లారితే మళ్ళీ పెట్టుకోవచ్చు గానీ, ఈ ముచ్చట వేడి మీదే వినాలి. కరీంనగర్‌లో మానేరు నిలయం అని ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. అందులో ఒక్క ఇల్లాలి ఓర్వలేనితనం ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో చెబుతాను.

ఆ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో లిఫ్టు పక్కనే ఒక జాగ ఉంది. నేలకు నీలిరంగు పూసి, చక్రాల కుర్చీ బొమ్మ వేసి, గోడకు బోర్డు కూడా కొట్టారు. అది రెండో అంతస్తు వినోదది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలిలో బలం పోయింది. చంకలో కర్ర, పక్కలకు రెండు గిరకలు బిగించిన స్కూటీ, గ్రంథాలయంలో నౌకరీ. అక్కడ బండి దిగితే నాలుగడుగుల్లో లిఫ్టు. ఆ జాగ దొరకలేదంటే గేటు బయటే బండి ఆపి, ఏటవాలు దారి మీద కర్ర జారకుండా దేవుణ్ణి తలచుకుంటూ దిగాలి. ఒక వానాకాలం అట్లాగే జారిపడి మోచేయి విరగ్గొట్టుకుంది. మరి ఆ జాగ రోజూ దొరికేదా అంటే, అదీ లేదు. నీళ్ళ క్యాన్ల ఆటో అక్కడే ఆగేది, చుట్టాల కార్లు అక్కడే ఆగేవి. అడిగితే "అయిదు నిమిషాలే గదమ్మా" అనేవాళ్ళు.

ఇక మూడో అంతస్తు అనసూర్య సంగతి. ఆమె భర్త భానుప్రసాద్‌కు జమ్మికుంటలో పత్తి వ్యాపారం. వాళ్ళ వంతుకు వచ్చిన జాగ సెల్లార్ చివర, మురుగునీళ్ళ మోరీ పైపు కింద. ఆ పైపు ఎండాకాలంలో కూడా కారుతూనే ఉంటుంది. వినోద స్కూటీని లిఫ్టు పక్కన చూసినప్పుడల్లా అనసూర్య కడుపులో ఎండుమిరపకాయలు వేగేవి. ఆమెకు వినోద కాలు కనిపించేది కాదు, ఆ నాలుగడుగులే కనిపించేవి.

ఆ శుక్రవారం వాళ్ళింటికి కొత్త కారు వచ్చింది. పొద్దున్నే పూజ చేయించి, హుజూరాబాద్‌లో ఉన్న ఆడబిడ్డ నవీనకు చూపించి రావాలని అనసూర్య అనుకుంది. చూపించడం వట్టి మాట, ఏడిపించడమే అసలు పని. నిరుడు నవీన తన కొత్త కారులో ఈమెను వెనక సీట్లో కూర్చోబెట్టి, "వదినె, తలుపు జర మెల్లగ ఎయ్యి" అంది. ఆ "మెల్లగ" అన్న మాట ఏడాదిగా అనసూర్య గొంతులో చేపముల్లులా ఉంది.

"మోరి కింద లచ్చిందేవికి ఎవలన్న పూజ చేస్తరా?" అంది భర్తతో.

"మరి ఏడ చేద్దామంటవ్?"

"గా వినోద డ్యూటికి పోయింది. లిఫ్టు కాడ జాగ కాలిగనే ఉన్నది."

"బోర్డు ఉన్నది గదనే!"

"ఉంటే ఏంది? బోర్డు లేసి వచ్చి కొడ్తదా?"

అయ్యగారు వచ్చారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ అయ్యాయి. కుంకుమ నింపిన గుమ్మడికాయను ఫెడీమని పగలగొట్టారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు చితికాయి. వాచ్‌మన్ ముత్తయ్య ఊడుస్తాడులే అని ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోయారు. ముత్తయ్యేమో ఆ రోజు చుట్టాల పెళ్ళికి పోయాడు.

మధ్యాహ్నం నాలుగో అంతస్తు సక్కుబాయి సంచి పట్టుకుని కూరగాయలకు దిగింది. ఆదిలాబాద్ మనిషి, ఒక మాటను పది చేసి చెప్పగలదు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ మసక వెలుతురులో ఎర్రగా, పచ్చగా ఏదో కనిపించింది.

"అగ్గొ! ఎవలో దిష్టి తీసి లిఫ్టు ముందటనే పారేసిండ్రు!"

దిష్టి తీసి పారేసినదాన్ని దాటకూడదని మన దిక్కు పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. సక్కుబాయి అడుగు బయట పెట్టలేదు. లోపలి నుంచే ఒక ఫొటో తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ ఫొటోలో గుమ్మడికాయ మాంసంలా కనిపించింది. మొదటి అంతస్తు వాళ్ళు కోడి అన్నారు. అయిదో అంతస్తు చేరేసరికి అది నల్లకోడి అయింది. "భైంసల మా మేనత్త కొడుకు గిట్లనే దాటి మంచం పట్టిండు" అని సక్కుబాయి గొంతు రికార్డు చేసి పంపింది. ఇక లిఫ్టు ఎక్కినవాళ్ళు లేరు.

హుజూరాబాద్‌లో అప్పటికి అనసూర్య వైభవం నడుస్తోంది. నవీన కారు చుట్టూ తిరిగి చూసి, మూతి కొంచెం ముడిచి, "ఐతారం మనోళ్ళ పెండ్లికి నీ కారులనే పోదాం తియ్ వదినె" అంది. అనసూర్యకు ప్రాణం లేచి వచ్చింది. సరిగ్గా అప్పుడే భానుప్రసాద్ ఫోన్ చూసి ఆమెను పక్కకు పిలిచాడు.

"ఇది మన గుమ్మడికాయ గదనే!"

"మెల్లగ! చెప్తే గా జాగల కారు పెట్టిన సంగతి బయటపడ్తది."

ఓర్వలేని మనిషికి బుద్ధి పాదరసంలా పనిచేస్తుంది. దారి పొడుగునా ఆలోచించి, ఇల్లు చేరేసరికి అనసూర్య ఒక ఉపాయంతో దిగింది.

సాయంత్రం సెల్లార్‌లో మీటింగు పెట్టారు. అందరూ ఆ జాగకు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆర్టీసీలో చేసి రిటైరైన పరశురాములు సార్ సంఘానికి అధ్యక్షుడు. అనసూర్య కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"వినోద చెల్లె మంచికే చెప్తున్న సార్. ఒంటరి మనిషి. గా జాగ మంచిగ లేదు, మారిస్తే నయం."

వినోద కర్ర మీద వాలి నవ్వింది. "నా కాలు ఎప్పుడో పోయిందక్కా. ఇగ గీ దిష్టి నా దగ్గర తీస్కపోయేది ఏమున్నది? నా జాగ నాకు ఉంచుండ్రి."

"అట్ల కాదు బిడ్డా, రేపు నీకేమన్న అయితే మాకు మాటొస్తది" అన్నాడు పరశురాములు.

"అయితే నన్ను ఇంకో జాగకు తోలితెనే అయితది సార్. లోపలంత మోరి తడే, కర్ర నిలవది."

వినలేదు. భయపడ్డవాళ్ళకు చెవులు పనిచేయవు కదా. "మరి గా జాగ ఎవలు తీస్కుంటరు?" అంటే అందరూ చెప్పుల వంక చూసుకున్నారు. అనసూర్య పెద్ద నిట్టూర్పు విడిచింది.

"ఏం చేస్తం సార్, మా జాగ చెల్లెకిచ్చి గది మేమే తీస్కుంటం. మాకు దేవుడున్నడు."

అని, తానే చీపురు పట్టి అదంతా ఊడ్చింది. తన చెత్త తానే ఎత్తుకున్నందుకు అందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేల మీద పసుపు మరక మాత్రం పోలేదు.

శనివారం పొద్దున వినోద మోరీ తడిలో కర్ర జారి, పక్క స్తంభాన్ని వాటేసుకుని పడకుండా ఆగింది. లిఫ్టు దగ్గర నిలబడి అనసూర్య చూసింది. చూసి, లిఫ్టు బటన్ నొక్కింది.

ఆమె సంబరం మధ్యాహ్నం దాకానే. కార్లు తుడిచే యాదవ్వ ఆ కారును ముట్టనంది. కొత్త కారులో బజారు దాకా వస్తామన్న పక్కింటివాళ్ళు ఆటో పిలుచుకున్నారు. సక్కుబాయి పంపిన ఫొటో, జాగ మారిన కబురుతో సహా చేతులు మారి హుజూరాబాద్ చేరింది. రాత్రికి ముందే నవీన ఫోన్.

"వదినె, నల్లకోడిని కోసిన జాగల నీ కారు పెడ్తున్నవట గదా? నేను గా కారుల ఎక్క. నువ్వు గూడ పెండ్లికి బస్సుల రా. గా కారును మా వాకిట్ల మాత్రం ఆపకు!"

ఎవరి కోసం కారు కొన్నదో ఆ మనిషే ఎక్కనంటే ఇంకేముంది! అనసూర్యకు పైపు, పరువు రెండూ గుర్తు రాలేదు. పూజ ఫొటోలన్నీ నవీనకు పంపింది. ఆ ఊపులోనే గ్రూపులోనూ పెట్టేసింది. "అది కోడి గాదు, దిష్టి గాదు! మా కారు పూజ! గుమ్మడికాయ మాదే!"

పరశురాములు కళ్ళజోడు పెట్టుకుని ఫొటోను పెద్దది చేసి చూశాడు. ముందు టైరు కింద నీలిరంగు చక్రాల కుర్చీ బొమ్మ. వెంటనే అందరినీ కిందికి పిలిచాడు.

"అనసూర్యమ్మా, నువ్వే పెట్టి, నువ్వే బెదిరిచ్చి, మల్ల నువ్వే త్యాగం చేస్తివా?"

భానుప్రసాద్ కారును మోరీ కిందికి తీసుకుపోయాడు. నవీన నుంచి జవాబు కూడా అప్పుడే వచ్చింది: "పూజ మీదే కావచ్చు వదినె. గానీ కారు గా జాగల నిలవడ్డది గదా. నాకెందుకీ పరేషాన్."

సక్కుబాయీ నమ్మలేదు. "పూజ పొద్దుగాల అయ్యింది. తర్వాత ఎవలన్న ఏమన్న చేసిండ్రేమో, ఎవలకెరుక?"

అవునవునన్నారు అందరూ. పరశురాములుకు కోపం వచ్చింది. పెళ్ళి నుంచి తిరిగొచ్చిన ముత్తయ్యను పిలిచి, బకెట్ తెచ్చి మరక పోయేదాకా రుద్దమన్నాడు. వినోద కర్ర అడ్డం పెట్టింది.

"వద్దన్నా. గా మరక ఉండనియ్యి."

"ఎందుకమ్మా? భయమైతలేదా?" అన్నాడు ముత్తయ్య.

"నీలిరంగు ఏసి ఎన్నేండ్లాయె, ఒక్కలన్న దాన్ని ఖాతరు చేసిండ్రా? గీ మరకకు నీళ్ళ ఆటోడు గూడ నిన్నటి సంది గేటు బయటనే ఆపుతుండు."

అప్పటి నుంచి ఆ జాగ ఎప్పుడు చూసినా వినోద కోసం ఖాళీగానే ఉంటోంది.

అదీ సంగతి. గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా చక్రాల కుర్చీ బొమ్మ మీద బండి ఆపినవాళ్ళు కనబడితే, పక్కన కూర్చోబెట్టి మొదటి నుంచి ఇదంతా చెప్పండి. నల్లకోడిని కూడా వదలకుండా చెప్పండి. నమ్మకపోతే ఫికర్ లేదు, బండి తీస్తే చాలు.