ఎవరి వల వారిదే

ఆ ఆదివారం ఉదయం వెంకట్రామయ్య గారి పథకం చాలా చిన్నది. సాయంత్రానికి హాలు నింపాలి. అంతే.

ఆయన రిటైరైన తెలుగు లెక్చరరు, బందరు సాహితీ సమితికి కార్యదర్శి. సమితి సభలు జరిగే హాలు మాత్రం యుగంధర్‌ది. యుగంధర్‌కు బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు, బందర్లో షాపులు, బుర్రలో ఎప్పుడూ ఒక కొత్త వ్యాపారం ఉంటాయి. ఈసారి వ్యాపారం బిర్యానీ పాయింటు.

"మాస్టారూ, మీరంటే గౌరవమేనండీ. కానీ పోయిన సభకి ఎవరొచ్చారు? మీరు, ఉపన్యాసం ఇచ్చినాయన, వాన తగ్గేదాకా నిలబడ్డాయన. ఈ ఆదివారం కుర్చీలన్నీ నిండితే హాలు మీదే. నిండలేదా, సోమవారం పొయ్యిలు దిగుతాయి" అని తేల్చి చెప్పాడు.

అందుకే వెంకట్రామయ్య గారు ఈసారి కవిత్వం జోలికి పోలేదు. వేడి వేడి విషయం పట్టారు. ప్రతి దేశం, ప్రతి ప్రాంతం తన ఇంటర్నెట్‌ను తానే కట్టుకుని తన ప్రభుత్వం చేతిలో పెట్టుకోవాలా, లేక లోకమంతటికీ ఒక్కటే ఉండాలా? వాదించడానికి గుడివాడ నుంచి ఇద్దరు వస్తున్నారు. విడివిడిగా ఉండాలనేవాడు సాఫ్ట్‌వేర్ కుర్రాడు శశాంక్. ఒక్కటే చాలనేది కాలేజీలో పాఠాలు చెప్పే సుప్రియ.

చిక్కంతా ఫ్లెక్సీ దగ్గర వచ్చింది. సమితి ఫ్లెక్సీ మీద ఇంగ్లీషు మాట పడితే వెంకట్రామయ్య గారికి ముద్ద దిగదు. 'అంతర్జాలం' అందామంటే అది సంస్కృతం, పైగా పెద్ద అక్షరాల్లో పట్టదన్నాడు ఫ్లెక్సీలు వేసే గణపతి. ఒక్క నిమిషం ఆలోచించి, ఆయన అచ్చతెలుగులోకి దిగిపోయారు.

"ప్రాంతానికో వల ఉండాలా? ఎవరి వల వారిదేనా? నేటి సాయంత్రం బహిరంగ చర్చ. అందరూ రండి!"

కాఫీ ఇస్తూ ఆయన భార్య త్రిపురసుందరి ఫోనులో ఆ ఫ్లెక్సీ ఫొటో చూసింది.

"వలేంటండీ?"

"నెట్ అంటే వలే కదా."

"బందర్లో వలంటే వలేనండీ."

"భాష తెలిసినవాళ్ళకి సందర్భాన్ని బట్టి అర్థమవుతుందిలే."

"తెలిసినవాళ్ళు పోయినసారి ముగ్గురొచ్చారు" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కాఫీ సగంలో ఉండగా ఫోను మోగింది. అవతల ఒక గట్టి ఆడగొంతు.

"నమస్కారమండీ మాస్టారండీ! దివిసీమలో పాలకాయతిప్ప నుంచి నాంచారమ్మనండీ. మా ఆడవాళ్ళ సంఘం ప్రెసిడెంటునండీ. వల గురించి మీటింగంట కదా?"

వెంకట్రామయ్య గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. సముద్రం ఒడ్డున కూడా ఇంటర్నెట్ మీద ఇంత చైతన్యమా!

"అవునమ్మా! తప్పకుండా రండి."

"వలలు తెచ్చుకోమంటారా?"

"ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటే మరీ మంచిదమ్మా. మా హాల్లో ఉన్నది పాతది. పదిమంది పట్టుకుంటే పనిచెయ్యదు."

"పదిమంది పట్టుకుంటేనే కదండీ పనిచేసేది!"

"అదేనమ్మా వచ్చిన బాధ" అన్నారు మాస్టారు, ఆవిడ ఏమందో సరిగా వినకుండానే. "ఎంతమంది వస్తారు?"

"లారీ మాట్లాడామండీ."

ఫోను పెట్టేసి ఆయన వంటింటి వైపు విజయగర్వంతో చూశారు. వంటింట్లోంచి మిక్సీ మోత వచ్చింది.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఫ్లెక్సీ ఫొటో అప్పటికే దివిసీమ దాటిపోయింది. దాటేటప్పుడు ఎవరో కింద ఒక వాక్యం చేర్చారు: 'ఈ సాయంత్రం బందర్లో నిర్ణయం. ఇక నుంచి ఏ ఊరి వల ఆ ఊరి నీళ్ళలోనే.' బయటి పడవలు వచ్చి తమ చేపల్ని ఊడ్చుకుపోతున్నాయని దివిసీమ ఎప్పటి నుంచో మండిపడుతోంది. ఆ పడవలు బయల్దేరే బందరు పక్క గిలకలదిండికి ఆ వాక్యం చేరేసరికి ఇంకొకటి తోడైంది: 'దివిసీమవాళ్ళు వలలతో బయలుదేరారు. మనమూ తేకపోతే మనకి నీళ్ళు మిగలవు.'

సాయంత్రం వెంకట్రామయ్య గారు హాలు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

కుర్చీలన్నీ నిండాయి. కిటికీలు నిండాయి. మెట్లు నిండాయి. కుర్చీల మీద, భుజాల మీద, వేదిక మీది మైకు మీద కూడా వలలే. నీలం వలలు, పచ్చ వలలు, ఇంకా తడి ఆరని వలలు. హాల్లోకి సముద్రం వాసన నేరుగా వచ్చేసింది. ఆయన గుండె ఒక్క క్షణం బఫరింగ్ అయింది.

"మాస్టారూ!" యుగంధర్ పరుగెత్తుకొచ్చాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి. "ఏం జనమండీ బాబూ! సాహిత్యానికి ఇంత మార్కెట్టు ఉందని నాకు తెలీదు!"

అసలు విషయం చెబితే ఈ జనం లేచిపోతారు. లేచిపోతే రేపు పొయ్యిలు దిగుతాయి. వెంకట్రామయ్య గారు జీవితంలో మొదటిసారి నేరం చేసే నిర్ణయం తీసుకున్నారు. వక్తలిద్దరినీ తలుపు చాటుకు లాక్కెళ్ళారు.

"ఏమన్నా చెప్పండి. ఇంటర్నెట్ అనే మాట మాత్రం నోట రాకూడదు. వల. వలే."

"సార్, ఇది మోసం కదండీ?" అంది సుప్రియ.

"కాదమ్మా. అచ్చతెలుగు."

శశాంక్ మైకు అందుకున్నాడు. "మన వల మన హద్దుల్లోనే ఉండాలి! ఎక్కడి నుంచో పెద్ద పెద్ద కంపెనీలొచ్చి మన సరుకంతా లాక్కుపోతున్నాయి! మనకేం మిగులుతోంది?"

దివిసీమ వైపు హాలు దద్దరిల్లింది. "అద్దీ మాట! పెళ్ళయిందా బాబూ నీకు?" అని నాంచారమ్మ అరిచింది.

సుప్రియ లేచింది. "మీరు గీత గీస్తే అవతలివాళ్ళూ గీస్తారు. రేపు మీరు విశాఖ వైపు వెళ్ళాల్సొస్తే? వాళ్ళు మీ మొహం మీద తలుపేస్తే?"

గిలకలదిండి వైపు ఈలలు పడ్డాయి. "తల్లీ, నువ్వు మా ఊరి ఆడపడుచువి!" అన్నాడొక పెద్దాయన.

"ఏంటయ్యా ఈలలు? ఇక్కడే గీత గీద్దాం రా!" అంది నాంచారమ్మ.

గీద్దామనడమే ఆలస్యం, హాలు మధ్యలో ఒక పెద్ద వల నిలువుగా లేచింది. కిటికీ ఊచకు ఒక కొస, బీరువా కాలికి ఒక కొస కట్టేశారు. ఇటు దివిసీమ. అటు గిలకలదిండి. ఎవరి హాలు వారిదే.

ఇబ్బంది వెంటనే మొదలైంది. ఫ్యాన్లు దివిసీమ వైపు ఉన్నాయి, స్విచ్చులు గిలకలదిండి వైపు ఉన్నాయి. మంచినీళ్ళ క్యాను గిలకలదిండికి పోయింది, గ్లాసులు దివిసీమకు చిక్కాయి. సాహితీ సమితి కార్యదర్శి ఏ ప్రాంతపువాడో తేలక బీరువా పక్కన ఇరుక్కుపోయారు.

"ఫ్యాను వెయ్యండయ్యా!"

"గ్లాసు పంపించండి, వేస్తాం!"

"ముందు ఫ్యాను!"

"ముందు గ్లాసు!"

ఈ గోలలో శశాంక్ తన వాదన ఆపలేదు. ఊపు మీదున్నాడు. చెమటలు కారుతున్నాయి, గొంతు లేస్తోంది, జాగ్రత్త జారిపోయింది. "ఒక్కటే పరిష్కారం! మనకి కావాల్సింది సర్వర్లు! మన ఊళ్ళో, మన సొంత సర్వర్లు!"

హాలంతా ఒక్కసారి మైకు వైపు తిరిగింది.

"సర్వర్లా?" అంది నాంచారమ్మ. "భోజనాలు కూడా పెట్టారా మాస్టారండీ?"

"అంటే..." అన్నారు వెంకట్రామయ్య గారు బీరువా పక్క నుంచి.

"పొద్దున తిని బయల్దేరామండీ. చెప్పరేం!"

"భోజనాలంట!" అని కిటికీలోని మనిషి మెట్ల మీద మనిషితో అన్నాడు. మెట్లు వీధితో అన్నాయి. వీధిలో వెళ్ళేవాళ్ళు చెప్పులు విప్పారు.

వెంకట్రామయ్య గారికి గత్యంతరం కనిపించలేదు. యుగంధర్‌కు మాత్రం అంతా కనిపించింది. తన కొత్త వ్యాపారం రుచి చూపించడానికి మసాలా కలిపి ఉంచిన వంటవాడు వెనక పెరట్లోనే ఉన్నాడు. కాసేపటికి బిర్యానీ డేగిశాలు పెరటి తలుపులోంచి లోపలికి వచ్చాయి. ఆ తలుపు దివిసీమ వైపు ఉంది. హాలు మధ్యలోని సరిహద్దును ఎవరు విప్పారో ఎవరూ చూడలేదు. ఆ వాసన తగిలిన క్షణంలో అది చాపలా నేల మీద పరుచుకుని ఉంది, దాని మీద రెండు ప్రాంతాలూ కలిసి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాయి.

తిన్నాక నాంచారమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నమస్కారం పెట్టింది. "ఇంతకీ తీర్మానం ఏంటండీ మాస్టారండీ?"

ఆమె పెట్టిన నమస్కారం చూసి వెంకట్రామయ్య గారికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "తల్లీ, ఈ చర్చ... ఇంటర్నెట్ గురించమ్మా. వల అంటే నెట్."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "నెట్ అయితే నెట్ అని రాయొచ్చుగా పంతులు గారూ! తెలుగోళ్ళకి అర్థమయ్యేట్టు!"

వలలు లారీ ఎక్కాయి. హాలు ఖాళీ అయింది. అయినా వెంకట్రామయ్య గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. కుర్చీలు నిండాయి కదా. మాట మాటే.

"యుగంధర్, చూశావుగా. హాలు సమితిదే."

యుగంధర్ ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. "మాస్టారూ, కుర్చీలు మీ చర్చకే నిండాయండీ, కాదనను. కానీ ఒక్కళ్ళూ లేవకుండా ఆఖరిదాకా కూర్చున్నది దేనికో మీరూ చూశారుగా. ఈ హాలుకి ఇంత గిరాకీ ఉందని మీరే నిరూపించారు. మీ రుణం తీర్చుకోలేను. రోజూ మధ్యాహ్నం మూడింటికి టేబుళ్ళు ఖాళీయే, మీ కవిత్వం అక్కడ చదువుకోండి. బిర్యానీలో మీకు సగం రేటు."

"నేను శాకాహారినయ్యా!"

"కుష్కా తినండి. ముక్కలుండవు."



సోమవారం పొయ్యిలు దిగాయి. యుగంధర్ కోరిక మీద బోర్డు రాసిచ్చింది వెంకట్రామయ్య గారే. హాలు పోయింది గానీ బోర్డు మీద ఇంగ్లీషు మాట పడనివ్వలేదు. బిర్యానీ తినేవాళ్ళు వైఫై వాడుకోవచ్చన్న సంగతిని కూడా ఆయన అచ్చతెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాశారు: 'ఇక్కడ తిన్నవారికి వల ఉచితం.'

మంగళవారం పొద్దున్నే పాలకాయతిప్ప నుంచి రెండు లారీలు వచ్చాయి.