గురువారం పుట్టాల్సిన పిల్ల

జ్యోతిషాన్ని మూఢనమ్మకం అనేవాళ్లను నేను దగ్గరికి రానివ్వను. ఇంత దయగల శాస్త్రం ఇంకోటి ఉందా చెప్పండి! కోర్టు మనల్ని దోషి అంటుంది. డాక్టరు "అంతా నీ తిండి వల్లే" అంటాడు. ఇంట్లో ఆడవాళ్ల సంగతి సరేసరి. జ్యోతిషం ఒక్కటే భుజం మీద చెయ్యేసి, "నీ తప్పేం లేదు నాయనా, అంతా శని చేస్తున్నాడు" అంటుంది.

దాని మూలసిద్ధాంతం అదే. మనిషి నిర్దోషి. నేరస్తులంతా ఆకాశంలో ఉన్నారు.

దీనివల్ల ఊళ్లో ఎంత ప్రశాంతతో! మా వీధిలో వేసిన రోడ్డు తొలి వానకే లేచిపోయింది. కాంట్రాక్టరుకు కుజుడు బాగాలేడట. ఇక ఆయనతో పోట్లాడి ఏం లాభం? మా మేనల్లుడు చింటూ ఇంటర్ ఏటా తప్పుతున్నాడు. ఏలినాటి శని అన్నారు. పుస్తకం ముట్టుకుంటే శనికి ఎక్కడ కోపమొస్తుందోనని వాడు సెల్‌ఫోన్ తప్ప ఇంకేదీ ముట్టడు. నేను ఈ కాలమ్ ఆలస్యంగా పంపినప్పుడల్లా మా ఎడిటర్‌కు బుధుడి వక్రగతి గురించి వివరిస్తుంటాను. ఆయన నమ్మడు. ఆయనది సింహరాశి.

మా కరీంనగర్ వాళ్లం అంతటితో ఆగలేదు. పిల్లలు పుట్టాక గ్రహాలెట్లున్నాయో చూసుకుని ఏడవడం పాత పద్ధతి. ఇప్పుడు ముందే ముహూర్తం పెట్టించి, ఆ టైంకు ఆపరేషన్ చేయించి బిడ్డను బయటికి తీయిస్తున్నాం! మంచి లగ్నం ఉన్న రోజున ఆపరేషన్ థియేటర్ దొరకడం ఫంక్షన్‌హాల్ దొరికినంత కష్టం. ఆ రోజు పుట్టినవాళ్లందరికీ కలెక్టర్ యోగమే. జిల్లాకు ఒక్కడే కదా కలెక్టర్ అంటారా? మన జిల్లాలన్నీ ముక్కలు చేసింది మరెందుకనుకున్నారు?

మా పక్కింటి కైలాసం మరమగ్గం నడుపుతాడు. కోడలు పద్మలతకు నెలలు నిండాయి. మామూలు కాన్పే అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. అయినా కైలాసం పట్టుబట్టి గురువారం పొద్దున ఆపరేషన్‌కు ముహూర్తం ఖాయం చేయించాడు. ఆ ఘడియకు జాతకం కూడా సిద్ధాంతితో ముందే రాయించాడు. రాజయోగం, విమానయోగం, రెండంతస్తుల ఇల్లు! ఇక బిడ్డ రావడమే తరువాయి.

ఆ బిడ్డ మంగళవారమే బయల్దేరింది. అమావాస్య పూట. పొద్దున్నే పద్మలతకు నొప్పులు మొదలయ్యాయి.

"జర ఓర్సుకో బిడ్డా, ఇంక రెండొద్దులే," అన్నాడు కైలాసం పంచాంగం చేతబట్టుకుని.

ఓర్చుకుంది పాపం. మధ్యాహ్నం దాటేసరికి గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయింది. కైలాసం భార్య శంకరవ్వ ఆటో పిలుచుకొచ్చింది. కైలాసం గడపకు అడ్డం నిలబడ్డాడు.

"రాహుకాలం నడుస్తుంది. గిది పోనియ్, గప్పుడు పోదాం."

"నొప్పులు నాకొస్తున్నయి మామా, పంచాంగానికి గాదు!" అని అరిచింది పద్మలత.

శంకరవ్వ మొగుణ్ని ఒక్క తోపు తోసింది. "నిన్ను కన్ననాడు మీ అవ్వ ఎవల్నడిగింది? జరుగు!"

నేనూ కైలాసాన్ని బండి మీద ఎక్కించుకుని వెనకాలే వెళ్లాను. ఆస్పత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. పుట్టింది కానీ ఏడవలేదు. లోపల నర్సులు అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. బయట బెంచీ మీద కూర్చుని గ్రహాలకు మొక్కబోయాను. నవగ్రహాల్లో ఒక్కటి పేరు కూడా గుర్తుకు రాలేదు. చివరికి ఏడ్చింది చిట్టితల్లి, ఆస్పత్రి అంతా వినబడేలా!

డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంకా జరసేపైతే ఇద్దరూ దక్కకపోదురు. పొద్దటిసంది ఏం చేస్తున్నరు మీరు?" అని నిలదీసింది.

కైలాసం నా వైపు చూశాడు. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను.

మర్నాడు ఆస్పత్రికే సిద్ధాంతి వచ్చాడు. ఇవాళ రాహువుకు మూడిందని నేను సంబరపడ్డాను. ఆయన వేళ్లు మడిచి లెక్కలేసి, "గ్రహాల తప్పేం లేదు. గురువారం దాకా ఆగితే బంగారమసొంటి జాతకం. తల్లే ఆగలే. దోషం ఆమెది. పురుడు ఎల్లినంక శాంతి చేయించాలె," అన్నాడు. కైలాసం తలూపాడు.

చూశారా! రోడ్డు మింగినాయన నిర్దోషి. చింటూ నిర్దోషి. గడపకడ్డం నిలబడ్డ కైలాసం ఊసే లేదు. మా అందరి తప్పులూ మోసిన గ్రహాలు తొమ్మిదీ పద్మలత దగ్గరికొచ్చేసరికి చేతులు దులుపుకున్నాయి. నాకు ఒళ్లు మండింది.

నేను లేచి వస్తుంటే పద్మలత బిడ్డను పొదువుకుంటూ, "కాకా, నువ్వు పేపర్ల రాస్తవు గద. తప్పెవలిదో నువ్వన్న రాయి," అంది.

రాశాను. రాహుకాలంలోనే కూర్చుని రాశాను. ఎడిటర్ గారూ, ఈసారి ఆలస్యం కూడా కాలేదు.