నాలుగు చుక్కల మందు

ఆ ఉదయం డాక్టరమ్మ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. దూడల రక్తపరీక్షల ఫలితాలు చూడాలి, మధ్యాహ్నం పరిశోధన సంస్థ డైరెక్టరు రాగానే ముందు పెట్టాలి, మెప్పు పొందాలి. కొట్టంలో తడికకు ఇటువైపు దూడలకు రోజూ నాలుక మీద నాలుగు చుక్కల మందు, అటువైపు వాటికి నాలుగు చుక్కల ఉత్త నీళ్లు. అంత కొంచెం మందుకే రోగాలతో పోరాడే జన్యువులు నిద్ర లేస్తాయని ఆమె వాదన. నీళ్ల దూడలకూ మందు దూడలకూ తేడా కనిపించకపోతే కొట్టం మూసేస్తానని డైరెక్టరు ముందే చెప్పేశాడు. ఆమెకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

మందు దూడల్లో జన్యువులు చక్కగా లేచాయి. నీళ్ల దూడల్లోనూ లేచాయి.

"సీసాలు తారుమారు చేశారు కదూ," అంది భర్తతో. ల్యాబులో సీసాలు నింపేది అతనే.

"తారుమారైతే ఒకవైపే లేవాలిగా. నువ్వే రక్తం పరీక్షించే యంత్రం సరిగ్గా కడిగి ఉండవు."

డాక్టరమ్మకు ఒళ్లు మండింది. యంత్రాన్ని అద్దంలా కడిగి, దాని నిజాయితీ తేల్చడానికి మందు వాసన కూడా ఎరగని దూడ కోసం బయలుదేరింది. పక్కింటి పాలాయన్ని బతిమాలి అతని దూడను తెచ్చి రక్తం తీసింది. "ఇది నా పరువు నిలబెడుతుంది చూడండి," అంది ధీమాగా. యంత్రం కాసేపు గురగురలాడి, దాని జన్యువులు కూడా లేచాయని చెప్పింది.

"నా దూడకేదో అంటించారు. సంగతి తేలేదాకా నేను కదల్ను," అంటూ పాలాయన గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. భర్త అలిగి, ఇక సీసా ముట్టుకోనని చేతులు కట్టుకున్నాడు. డైరెక్టరు సరిగ్గా అప్పుడే కారు దిగాడు.

"ఏమ్మా, లేచాయా?"

"లేచాయి సర్. లేవకూడనివి కూడా."

కొట్టం పోయినట్టేనని ఆమెకు మొదటిసారి భయం వేసింది.

ఈ గొడవలో పాలాయన దూడ తాడు విడిపించుకుని పరుగెత్తింది. అందరూ వెంటపడ్డారు. అది రోజూ వచ్చే దారే అన్నట్టు కంచె సందులోంచి కొట్టంలో దూరి, అప్పుడే చుక్కలు వేయించుకున్న మందు దూడ మూతి నాకడం మొదలుపెట్టింది. వెనక నీళ్ల దూడలు వరసలో నిలబడ్డాయి. తడిక గోడకు ఆనించి ఉంది. చుక్కలు వేసే వదిన, అంటే భర్త అక్కగారు, పక్కనే ప్రశాంతంగా గడ్డి వేస్తోంది.

"తడికెవరు తీశారు వదినా?"

"నేనే. మొదటిరోజు నుంచీ తీస్తూనే ఉన్నా. విడిగా ఉంచితే ఒకటే అరుపులు. పసివాటిని అలా ఏడిపిస్తారా ఎవరైనా?"

డాక్టరమ్మ నోరు తెరిచి, తిట్టబోయి, ఆగింది. మళ్లీ దూడల వంక చూసింది. పోయిన ధీమా మొహంలోకి తిరిగొచ్చింది.

"సర్, మందు మూతి నుంచి మూతికి పోతోంది. నాకినప్పుడు అంటుకునే ఆ కాస్తే చాలుతోంది. ఒక్కదానికి వేస్తే పక్కదానికీ పనిచేస్తోంది."

డైరెక్టరు వరసలోని దూడలను లెక్కపెట్టాడు. "మంద మొత్తానికీ మందు వెయ్యక్కర్లేదన్నమాట," అన్నాడు. "కొట్టం ఉంచండి. కాకపోతే పోల్చి చూడ్డానికి ఎవరినీ నాకని దూడ ఒకటి కావాలి."

డాక్టరమ్మ ఆ దూడ కోసం ఇంకా వెతుకుతోంది.