గోనెసంచివాడి ఏడో చావు

ఈ ఊరి ప్రజల నైతిక ఆరోగ్యానికి మేం నలుగురం జవాబుదారులం. నియామక పత్రంలో అలాగే రాశారు. అధ్యక్షులు రిటైరైన జడ్జిగారు. మిగతా ముగ్గురం ఒక హెడ్‌మిస్ట్రెస్, ఒక పళ్ల డాక్టరు, పత్రికలో నేరవార్తలు రాసే నేను. సినిమాల పరిశీలన కమిటీ అంటే మేమే. మమ్మల్ని వేసి మూడు నెలలైంది. మా సంతకం లేనిదే ఏ బొమ్మా తెర మీదికి రాదు.

కమిటీకి ఒక నియమం ఉంది. ఏ సినిమాకైనా కొనసాగింపు వస్తే, దాని ముందు భాగాలు చూసినవాళ్లు పరిశీలనకు పనికిరారు. చూసినవాడి మనసు అప్పటికే చెడిపోయి ఉంటుందని, చెడిపోయిన మనసు చెడును పట్టుకోలేదని నియమం రాసిన పెద్దల ఆలోచన. అందుకని బొమ్మ మొదలయ్యే ముందు ‘ఇంతకు మునుపటి భాగాలేవీ చూడలేదు’ అన్న కాగితం మీద నలుగురం సంతకం పెట్టాలి.

ఆ మంగళవారం పొద్దున పదింటికి ‘గొళ్లెం – ఏడో భాగం’ మా ముందుకొచ్చింది. మొహానికి గోనెసంచి తగిలించుకుని, గొళ్లెం పెట్టని ఇళ్లలోకి దూరి, మనుషుల్ని గొడ్డలితో నరికే ఒకడి కథ. ఇరవై ఏళ్లుగా నరుకుతున్నాడు. ప్రతి భాగం చివర చస్తాడు. ఊపిరి ఆగిందని అందరూ ఇళ్లకు బయల్దేరాక వేలు కదుపుతాడు. ఇవన్నీ నాకెలా తెలుసని అడగకండి. నేను సంతకం పెట్టాను.

సంతకాలప్పుడు జడ్జిగారు, ఇలాంటివి చూసే జనం ఎవరో తనకు అంతుపట్టదన్నారు. హెడ్‌మిస్ట్రెస్ తమ ఇంట్లో టీవీయే లేదన్నారు. పళ్ల డాక్టరు తనకు రక్తం పడదన్నాడు. ఆయన రోజుకు పది పళ్లు పీకుతాడు.

దర్శకుడు వెనక వరసలో కూర్చున్నాడు. ఏడూ తీసింది అతనే. అంతకు ముందు వరండాలో టీ తాగుతూ నాకు తన సంగతి చెప్పాడు. వాళ్లమ్మ కుట్టుమిషను తొక్కి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఆ కథను సినిమాగా తియ్యాలని పదకొండేళ్లుగా సంచిలో పెట్టుకు తిరుగుతున్నాడు. నిర్మాత వదలడు. గోనెసంచివాడు తెర మీద మళ్లీ లేవకుండా చచ్చిన రోజే అతనికి విడుదల అని ఒప్పందం.

“ఈసారి నిజంగానే చంపేశాను సార్. పూడ్చి, పైన మట్టి పోయించాను. ఏమీ కదలదు” అన్నాడు. జైలు గేటు దాకా వచ్చిన మనిషిలా ఉన్నాడు.

మా ముందు బల్ల మీద ఒక్కొక్కరికి ఒక చిన్న ఇత్తడి గంట ఉంటుంది. అభ్యంతరం ఉన్నవారు గంట కొడితే బొమ్మ ఆగుతుంది. అభ్యంతరం సబబో కాదో తేల్చడానికి ఆ దృశ్యాన్ని మళ్లీ వేస్తారు. మొదటి నరుకుడుకి జడ్జిగారు గంట కొట్టారు. మళ్లీ వేశారు. జడ్జిగారి తల అడ్డొచ్చిందని హెడ్‌మిస్ట్రెస్ అన్నారు. మళ్లీ వేశారు. అభ్యంతరం వీగిపోయింది.

ఇలా పంతొమ్మిది హత్యలు, పంతొమ్మిది అభ్యంతరాలు. గంటా నలభై నిమిషాల సినిమా మధ్యాహ్నం రెండున్నర దాకా నడిచింది. భోజనానికి ఎవరూ లేవలేదు. రక్తం పడని డాక్టరు, బొమ్మ మసగ్గా ఉంది, వెలుతురు పెంచమని ఆపరేటరును రెండుసార్లు కోరాడు. తెర మీద ఒక అమ్మాయి తలుపు దగ్గరగా వేసి గొళ్లెం మరిచిపోయి మేడెక్కుతుంటే, “గొళ్లెం పెట్టుకోవే తల్లీ” అని చీకట్లో ఎవరో గొణిగారు. బడిలో వెయ్యి మంది పిల్లల నోరు మూయించే గొంతు అది.

చివరికి గోనెసంచివాణ్ణి పూడ్చారు. మట్టి పోశారు. పేర్లు పడ్డాయి. లైట్లు వెలిగాయి. ఎవరూ కుర్చీలు వదల్లేదు.

పేర్ల తర్వాత ఇంకేమైనా ఉందా అని డాక్టరు అడిగాడు. లేదన్నాడు ఆపరేటరు.

జడ్జిగారు గొంతు సవరించుకుని నిర్ణయం చెప్పారు. హత్యల మీద కమిటీకి అభ్యంతరం లేదు. ఆఖరి దృశ్యం మీదే ఉంది. బతికే దారి ఏదీ వదలకుండా ఒక మనిషిని పూడ్చెయ్యడం అమానుషం. దానివల్ల ప్రేక్షకుల్లో నిరాశ పెరుగుతుంది. పిల్లలకు ఆశ అనేది నేర్పాలని హెడ్‌మిస్ట్రెస్ చేర్చారు. తీర్మానం ఏకగ్రీవం. లేచిన చేతుల్లో నాదీ ఉంది.

దర్శకుడు లేచి నిలబడ్డాడు.

“అయ్యా, పంతొమ్మిది మందిని నరికాడు. వాడు చస్తే అమానుషమా?”

“చట్టం ముందు అందరూ సమానమే కదయ్యా.”

“వాడు చస్తేగానీ నేను బయటపడనండీ. నాకు యాభై మూడొచ్చాయి. ఇంకెప్పుడు తీస్తాను మా అమ్మ కథ?”

జడ్జిగారి మొహం మెత్తబడింది. ఎక్కువేం అక్కర్లేదని, మట్టిలోంచి ఒక్క వేలు, రెండంటే రెండు సెకన్లు కదిలితే చాలని, ఈ సాయంత్రమే సర్టిఫికెట్ ఇచ్చేస్తామని చెప్పారు. శుక్రవారం విడుదల. హాళ్లన్నీ మాట్లాడేసి ఉన్నాయి. దర్శకుడు తల వంచుకుని, జేబులోంచి కలం తీశాడు.

“ఏ చేతి వేలండీ?”

“ఎడమది” అన్నాం నలుగురం ఒక్కసారే.

“కుడిది మూడో భాగంలోనే కోతమిల్లు రంపం కింద పోయింది కదా” అని డాక్టరు గుర్తుచేశాడు.

దర్శకుడు మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత బల్ల మీద ఉన్న సంతకాల కాగితం చూశాడు.

“మీరెవరూ ముందువి చూడలేదు కదండీ.”

జడ్జిగారు గంటను ఒక పక్కకి జరిపారు. నేను నా పుస్తకంలో ఏదో రాస్తున్నట్టు తల దించాను. హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

“చూడలేదు నాయనా. ఆరూ చూడలేదు” అన్నారావిడ. “ఇప్పుడు వాడు కూడా చచ్చిపోతే, ఇక మేం దేన్ని చూడకుండా బతకాలి?”

అతను కూర్చుని, ఒక కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసుకున్నాడు. ఎడమ చెయ్యి, చూపుడు వేలు, రెండు సెకన్లు.

“మూడు చెయ్యి” అన్నాడు పళ్ల డాక్టరు.