ఏడో గడి

ఒక పెద్ద అడవిలో వాగు ఎండిపోయింది. వానలు కురవక కాదు. వాగు పైభాగాన అడవిపంది వరాహమూర్తి అడ్డుకట్ట వేసి, నీళ్ళన్నీ తన బురదగుంటకు మళ్ళించుకున్నాడు. ఆయన అడవి మండలికి అధ్యక్షుడు. అందుచేత దాన్ని అడ్డుకట్ట అనకూడదు, అభివృద్ధి అనాలి.

దిగువ మడుగులో ఒక ముసలి తాబేలు ఉండేది. అందరూ తాబేలత్త అని పిలిచేవారు. మడుగు పక్క పొదలో ఏదుపంది కంటకమ్మ కాపురం. ఒళ్ళంతా ముళ్ళే గాని, కంటకమ్మకు కథలు రాసే అలవాటుంది.

మడుగులో నీళ్ళు తాబేలత్త వీపు దిగాయి. నాలుగు రోజులకు పొట్ట దగ్గరికొచ్చాయి.

"ఈ నీళ్ళు ఇంకో వారం సరిపోతాయేమోనమ్మాయ్," అంది తాబేలత్త.

"మండలికి అర్జీ పెట్టావా అత్తా?"

"మూడు పెట్టాను. మూడూ అధ్యక్షుడి బామ్మర్దికే పంపారు. వాగు కాపలా డ్యూటీ అతనిదేనట. రోజంతా ఆ బురదలోనే పడుకుని కాపలా కాస్తున్నాడట."

అర్జీని చదివేది ఒక్కడు, చదివి పక్కన పెట్టేదీ ఆ ఒక్కడే. కథైతే అందరూ వింటారు. నెలకోసారి ఇప్పచెట్టు కింద మండలి సాహిత్య సభ జరుగుతుంది. సభ చివర ఇప్పపూలు పంచుతారు కాబట్టి ఒక్క జంతువూ ఎగ్గొట్టదు. అక్కడి నుంచి అడ్డుకట్ట నాలుగడుగుల దూరం. కథ విని, లేచి, వెళ్ళి చూసుకోవచ్చు.

కంటకమ్మ రెండు రోజుల్లో కథ రాసేసింది. అందులో ఒక తాబేలు ఉంది, ఒక వాగు ఉంది. మర్యాదకు లోటు రాకుండా అడవిపంది పేరు తీసేసి 'ఒక లావాటి జంతువు' అని రాసింది.

సభ కార్యదర్శి పునుగుపిల్లి పరిమళరావు. బాగా చదువుకున్నవాడు. ఆయనకన్నా ముందు వాసన వస్తుంది, వాసనకన్నా ముందు ఉపన్యాసం వస్తుంది. కథలకు దరఖాస్తు ఫారం పెట్టింది ఆయనే. పేరు, ఊరు, తోక పొడవు వగైరాలన్నీ అయ్యాక ఏడో గడిలో 'సంఘర్షణ రకం' అని ఉంటుంది.

"సంఘర్షణ లేనిదే కథ లేదండీ కంటకమ్మగారూ. రకం రాయనిదే సంఘర్షణ లేదు. ఏడో గడి ఖాళీగా ఉంచారేం?"

"నీళ్ళు లేవని రాశాను. దానికి రకమేమిటి?"

"అయ్యో, మొత్తం అయిదు రకాలు! జంతువుతో జంతువుకు, సమాజంతో, ప్రకృతితో, తనతో తనకు, విధితో. ఒకటి ఎంచుకోవాలి."

"అయితే మొదటిదే. తాబేలుకూ లావాటి జంతువుకూ."

పరిమళరావు మీసాలు దువ్వుకున్నాడు. "దానికి అవతలి పక్షం నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం తేవాలి."

"అడ్డుకట్ట కట్టినవాడి సంతకం నేను తేవాలా?"

"నిబంధన."

"సరే, సమాజంతో అని రాసుకోండి."

"ఈ అడవిలో సమాజమంటే మండలే. మండలి సభలో మండలి మీద కథా? వినడానికి మీకే ఎలా ఉంది?"

"బాగానే ఉంది. పోనీ, ప్రకృతితో?"

పరిమళరావు ఫారం పట్టుకుని బురదగుంట దాకా వెళ్ళొచ్చాడు. వచ్చేసరికి పునుగు వాసనకు బురద వాసన కలిసింది.

"అధ్యక్షులవారు వద్దన్నారు. ప్రకృతితో అంటే కరువన్నట్టే. కరువు ప్రకటిస్తే సొంత గుంటలన్నీ అందరికీ తెరవాలని చట్టం ఉందట." గొంతు తగ్గించాడు. "నా మాట వినండి. తనతో తనకు అని రాద్దాం. ఈ మధ్య బహుమతులన్నీ దానికే. తాబేలు తన లోపలి దాహంతో లోలోపలే పోరాడుతుంది. అద్భుతం!"

"తాబేలుకు లోపల పోరాటమేమీ లేదండీ. బయట నీళ్ళు లేవు."

"అబ్బ, మీరు మరీ మొరటు. ఇక మిగిలింది విధి. విధి అంటే తలరాత. ఇందులో దోషి ఎవరూ ఉండరు, చదివినవాళ్ళు నిట్టూర్చి ఇంటికెళ్ళిపోతారు. అధ్యక్షులవారికి కూడా ఇదే ఇష్టం."

కంటకమ్మ ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అడిగింది. "ఈ ఫారం ఇంకెవరైనా చదువుతారా?"

"మీరూ నేనూ అధ్యక్షులవారూ. బందోబస్తు కోసం ఒక నకలు ఇన్‌స్పెక్టరు రేచుకుక్కకు వెళుతుంది. ఆయనకు సాహిత్యం తెలియదులెండి."

"అయితే తలరాత అని రాయకండి, చవకబారుగా ఉంటుంది. విధి అనే రాయండి. గంభీరంగా ఉంటుంది."

"అదీ! ఇప్పుడు దారికొచ్చారు," అని మురిసిపోయి పరిమళరావు తన చేత్తోనే రాశాడు: 'విధితో సంఘర్షణ.'

సభ రోజు వచ్చింది. అప్పటికి మడుగులో నీళ్ళు తాబేలత్త గోళ్ళు తడిసేటంత ఉన్నాయి. ఆమెను కుందేళ్ళు దొర్లించుకుంటూ సభకు తెచ్చాయి.

కంటకమ్మ కథ విప్పబోతుండగా ఇన్‌స్పెక్టరు రేచుకుక్క లేచాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన చదివిన సాహిత్యమంతా సర్క్యులర్లే.

"ఒక్క నిమిషం ఆగమ్మా. ఏడో గడిలో విధితో సంఘర్షణ అని ఉంది. అంటే విధులకు ఆటంకం. అది నేరం. కథ రాసింది నువ్వేనా?"

పరిమళరావు గాభరాగా లేచాడు. "అయ్యా, అది ఆ విధి కాదండీ..."

వేదిక మీద వరాహమూర్తి ఆయన తోక పట్టి కూర్చోబెట్టాడు. కథ చదవకుండానే కథకురాలు స్టేషనుకు పోతుంటే అడ్డమెందుకని ఆయన లెక్క.

"కూర్చోవయ్యా! చట్టం తన పని తాను చేసుకోనీ. రాసుకోండి ఇన్‌స్పెక్టరుగారూ, నేనే సాక్షి. ఈవిడ కథ విధులకు ఆటంకమే!"

"నేనూ ఒప్పుకుంటున్నాను," అంది కంటకమ్మ. "ఎవరి విధులకో కూడా రాసుకోండి. పేరు లేకపోతే కేసు నిలబడదు కదా?"

రేచుకుక్క తల గోక్కున్నాడు. ఆమె అన్నదాంట్లో తప్పు కనబడలేదు. "కథ దేని గురించి?"

"వాగు గురించి."

ఆయన రిజిస్టరు తీశాడు. పేజీలు తిప్పాడు. "వాగు కాపలా విధి... సూకరయ్య, అధ్యక్షులవారి బామ్మర్ది. ఏడీ?"

ముందు వరసలో ఇప్పపూల బుట్ట పక్కన కూర్చున్న సూకరయ్య నోరు తుడుచుకుంటూ లేచాడు.

"ఏమయ్యా, వాగు దగ్గర డ్యూటీలో ఉంటున్నావా, లేదా?"

సూకరయ్యకు ఎగ్గొట్టాడంటారేమోనని భయం. "ఎంత మాట! ఒక్క రోజు కూడా కదల్లేదండీ!"

"మరి వాగులో నీళ్ళేవి?"

"గుంటలో ఉన్నాయండీ."

"గుంటలోకి ఎలా వెళ్ళాయి?"

"కట్ట వేశాం కదండీ."

"నీ కాపలాలో ఎవడో కట్ట వేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోవడమేంటండీ! నేను కూడా రాళ్ళు మోశాను. నడుం పట్టేసింది. అడగండి, బావే చెప్పి చేయించాడు. చెప్పు బావా!"

సభలో ఎక్కడో ఒక కోతి కిసుక్కున నవ్వింది.

"విధి అంటే తలరాత!" అని వరాహమూర్తి గావుకేక పెట్టాడు. "తలరాతయ్యా! అడుగు, ఈ పరిమళరావును అడుగు!"

"మా శాఖలో తలరాతకు రిజిస్టరు లేదండీ," అన్నాడు రేచుకుక్క. "పైగా సాక్షిగా మీ పేరు రాసేశాను. కొట్టివేతలు ఉండకూడదు."

కంటకమ్మ చేతిలో కథ అలాగే ఉంది. ఎవరూ చదవమనలేదు. అందరూ లేచి వాగు పైకి నడిచారు. ఇప్పపూలు పంచేదాకా కూడా ఆగలేదు, ఆ సభ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. ఏనుగు ఒక్క తోపు తోసేసరికి అడ్డుకట్ట పోయింది. సాయంత్రానికి తాబేలత్త మడుగులో వీపు మునిగేదాకా కూర్చుని, ఇక కబుర్లు చెప్పమంది.

వరాహమూర్తి అనారోగ్య కారణాల వల్ల పదవి వదులుకున్నాడు. ఎండిన గుంటలో పొర్లితే ఎవరికైనా ఒళ్ళు నొప్పులే.

మర్నాడు పరిమళరావు కంటకమ్మ పొద దగ్గరికి వచ్చాడు. "మీ కథకు ఉత్తమ సంఘర్షణ బహుమతి ఇద్దామని సభ తీర్మానించింది. అసలది ఏ రకమో మాత్రం సరిగా తేల్చి, ఏడో గడి దిద్ది ఇవ్వాలి."

"కథ ఎవరైనా చదివారా?"

"ఇంకా లేదండీ. ముందు రకం తేలాలి కదా."

కంటకమ్మ ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, పొద గుమ్మంలో కుదురు లేక కదిలే రాయి కింద సర్దింది. రాయి కదలడం మానేసింది.

"ఇక మీదట ఏడో గడి నింపను," అంది.

ఆ తర్వాత ఆమె పదకొండు కథలు రాసింది. పదకొండింటికీ ఏడో గడి ఖాళీయే. పదకొండూ తిరిగొచ్చాయి. పదకొండూ మడుగు ఒడ్డున చదివింది, జంతువులు ఇప్పపూలు లేకుండానే వచ్చి విన్నాయి.

నీతి: తప్పు చేయదలచుకున్నవాడు ముందుగా తెలుగు బాగా నేర్చుకోవాలి.