పందిరి కింద సముద్రపు బురద

అత్తమ్మ గద్వాల నుంచి తిరిగొచ్చేలోగా వాకిలి శుభ్రం చేసి మెప్పు పొందాలని ఆ ఉదయం కృప పథకం వేసుకుంది. కాపురానికి అమరచింత వచ్చి నెల కూడా కాలేదు. ఆదివారం కొత్త జంట కోసం ఇంట్లో ప్రార్థన కూటం ఉంది. అందుకని అత్త బుజ్జమ్మ వాకిట్లో తాటిమట్టల పందిరి వేయించింది. తీరా చూస్తే నాలుగు గుంజల మొదళ్లలోనూ నల్లటి ఇంజన్ ఆయిల్!

భర్త సాంసన్ నిన్న ఆటో బాగుచేసుకున్నది అక్కడే. నాలుగు గుంజల చుట్టూ తిరిగి మరీ ఎలా కార్చాడో అని కృప ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది గానీ, కొత్త పెళ్లికూతురికి మొగుడేం చేసినా వింతగా ఉండదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాపం, చూస్తే అత్తమ్మ అతన్ని తిడుతుంది!

తన చదువు ఇంత తొందరగా కాపురానికి అక్కరకొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఓడల నుంచి కారిన చమురు తీరపు బురదలో ఇంకితే, ఆ బురదలోని సూక్ష్మజీవులే దాన్ని మెల్లగా తినేస్తాయి. గాలి, కాస్త నత్రజని అందిస్తే ఇంకా చురుగ్గా తింటాయి. ఎమ్మెస్సీలో కృప చేసిన పని అదే. కాకినాడ తీరపు బురద సీసా ఒకటి పెళ్లి పెట్టెలో పట్టుచీరల మధ్య అత్తారింటికి వచ్చింది.

గాలి ఆడాలని గుంజల మొదళ్లు పారతో తవ్వింది. నత్రజని కోసం ఎరువు కలిపింది. సీసా ఒంపింది. సముద్రంలో పుట్టినవి కదా, పాలమూరు మట్టిలో బెంగపడతాయని రాళ్లుప్పు దోసిళ్లతో కుమ్మరించింది.

పక్కింటి ఎస్తేరు గోడ మీదుగా తొంగిచూసింది. "ఏందమ్మా, గుంజల కాడ ఉప్పు పోస్తున్నవ్?"

"కండ్లకు కనపడని జీవులను ఇడిచిన అక్కా. ఉప్పు లేకుంటే బతుకవు."

"మీ అత్తకు ఎరుకేనా?"

"తెల్వదు. అత్తమ్మ వచ్చేలోపల పని అయిపోవాలె!"

ఎస్తేరు తోముతున్న గిన్నె వదిలేసి పరుగెత్తింది. కాసేపటికి పాస్టరు పాల్ బైబిలుతో, వెనక సగం వీధితో వచ్చాడు. "భయపడకు బిడ్డా. కండ్లు మూస్కో," అన్నాడు. కృప ఏదో చెప్పబోయేసరికే అందరి కళ్లూ మూతపడ్డాయి. ఆమె కూడా కొంగు కప్పుకుని మూసింది. ఆమెన్ దాకా తెరవకూడదు, అందులోనూ కొత్తకోడలు.

"ఈ ఇంట్ల జొచ్చిన కనపడని జీవులను ఎళ్లగొట్టు ప్రభువా!"

కృప చెవులు సిగ్గుతో కాలిపోయాయి. తనకు డిస్టింక్షన్ తెచ్చిన జీవులవి! ప్రభువుకైనా ఆ సంగతి తెలుసులే అని సరిపెట్టుకుంది. ఇంతలో మెడగంటలు, తర్వాత నాకుతున్న చప్పుడు. మేకలు! వీధిలోని మేకలన్నీ ఉప్పుకు చేరాయి. ఒకటి గుంజకు వీపు రుద్దుకుంటున్నట్టుంది. గుంజ కిర్రుమంది. చెబితే ప్రార్థన చెడుతుంది, చెప్పకపోతే... అనుకుంటుండగానే, తవ్వి వదులైన గుంజలు ఒరిగి పందిరి అందరి మీదా కూలబడింది.

"ఆమెన్," అన్నాడు పాస్టరు తాటిమట్టల కింద నుంచి.

సరిగ్గా అప్పుడే సాంసన్ ఆటోలోంచి బుజ్జమ్మ దిగింది. మట్టలు తొలగించుకుంటూ లేస్తున్న వీధినీ, మేకలనీ, కోడలినీ వరసగా చూసింది. "ఏందే ఇది?"

కృప గుంజ మొదలు వైపు చూపించింది. "ఆటో ఆయిలు... ఆయనను తిట్టకుండ్రి అత్తమ్మా, ఏదో కారిపోయింది..."

"నా ఆటో యాడ కారింది?" అన్నాడు సాంసన్.

"ఆయిలు నేనే పోసిన!" అంది బుజ్జమ్మ. "మెకానిక్కును బతిమాలి తెచ్చి, చెదలు పట్టొద్దని గుంజగుంజకు పోసిన. నన్నొక్క మాట అడిగితే ఏం పోయె బిడ్డా?"

కృప ఖాళీ సీసాను కొంగులో దాచుకుంది. అంత అవమానంలోనూ, తువ్వాలు అడ్డంపెట్టుకుని నవ్వుతున్న మొగుడు ఎంత బాగున్నాడో అనిపించి, ఇంకాస్త సిగ్గుపడింది.

"సిగ్గుపడ్డది సాలు, గుంజ వట్టు," అంది బుజ్జమ్మ.

ఆయిల్ మట్టి ఎత్తిపోసి, పందిరి మళ్లీ నిలబెట్టారు. నూనె తినే జీవులు పనిచేశాయో లేదో తేలలేదు గానీ, కర్ర తినేవి మాత్రం ఆదివారం కూటానికి అందరికంటే ముందే వచ్చాయి.